మార్కులు వేసేవారి దగ్గర మనసు విప్పేదెలా?

కోస్తా జిల్లాల్లో ఎవరైనా పొంతన లేకుండా మాట్లాడితే "వీణ్ణి వైజాగ్ పంపాలి" అనడం ఎప్పటి నుంచో వాడుకలో ఉన్న మాట. అక్కడ వైజాగ్ అంటే బీచ్ కాదు, స్టీల్ ప్లాంట్ కాదు. వాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాల. అదే ఆసుపత్రి ఆంధ్ర మెడికల్ కాలేజీకి బోధనాసుపత్రి కూడా. జనం ఏ ఆసుపత్రి పేరు చెప్పి ఎగతాళి చేస్తారో, సైకియాట్రీ పోస్టింగ్ రోజుల్లో ఎంబీబీఎస్ విద్యార్థులు ఆ గేటు లోపలికే వెళ్తారు. రోగి పక్కన కూర్చుని కేస్ షీట్ రాస్తారు. నిద్ర పడుతోందా, ఆకలి వేస్తోందా, ఒకప్పుడు ఇష్టంగా చేసిన పనుల మీద ఇప్పుడూ ఆసక్తి ఉందా, బతకడం ఎందుకు అనిపిస్తోందా అని వరసగా అడుగుతారు. ఈ లక్షణాలు రెండు వారాలు దాటి ఉంటే డిప్రెషన్‌గా అనుమానించాలని పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకుంటారు.

అడుగుతున్న ప్రశ్నల్లో సగానికి తన జవాబు కూడా రోగి చెప్పినదేనని ఒక విద్యార్థికి తడితే, ఆ సాయంత్రం హాస్టల్‌కి వెళ్లి ఏం చేస్తాడు? చాలాసార్లు ఏమీ చేయడు. రూమ్మేట్‌తో తలనొప్పిగా ఉందని చెప్పి దుప్పటి కప్పుకుంటాడు. మర్నాడు ఎనిమిదింటికి క్లాసులో ఉంటాడు. చదువు కష్టం, పోటీ ఎక్కువ, అందుకే ఒత్తిడి అని అందరూ అంటారు. అది నిజమే గానీ అక్కడితో ఆగిపోతే అసలు విషయం దొరకదు. జబ్బు లక్షణాలు కంఠతా వచ్చినవాళ్లు, డాక్టర్ల మధ్యే రోజంతా తిరిగేవాళ్లు, తమకు అవసరం పడినప్పుడు ఆ డాక్టర్ దగ్గరకు ఎందుకు వెళ్లలేకపోతున్నారు? ఆలోచించాల్సింది దీని గురించే.

అంకెలు కూడా అక్కడికే వేలు చూపిస్తున్నాయి. 43 దేశాల్లో లక్షా 20 వేల మందికి పైగా వైద్య విద్యార్థులపై జరిగిన అధ్యయనాలను కలిపి చూసిన ఒక పెద్ద విశ్లేషణ 2016లో అమెరికా వైద్య సంఘం పత్రికలో వచ్చింది. డిప్రెషన్ గానీ దాని లక్షణాలు గానీ ఉన్నవారు అందులో 27.2 శాతం. ఆత్మహత్య ఆలోచనలు వచ్చినట్టు చెప్పినవారు 11.1 శాతం. మన దేశంలో జాతీయ వైద్య కమిషన్ నియమించిన టాస్క్‌ఫోర్స్ 2024లో ఇచ్చిన నివేదిక కోసం 25,590 మంది ఎంబీబీఎస్ విద్యార్థులు, 5,337 మంది పీజీలు ఆన్‌లైన్ సర్వేకి జవాబులు ఇచ్చారు. మానసిక ఆరోగ్య సమస్య ఉందని చెప్పినవారు ఎంబీబీఎస్‌లో 27.8 శాతం, పీజీల్లో 15.3 శాతం. ఆత్మహత్య ఆలోచనలు వచ్చాయన్నవారు ఎంబీబీఎస్‌లో 16.2 శాతమైతే పీజీల్లో దాదాపు 31 శాతం.

ఈ అంకెల్ని కాస్త జాగ్రత్తగా చదవాలి. ఇవి ఎక్కువగా విద్యార్థులు తామే నింపిన ప్రశ్నపత్రాల నుంచి వచ్చినవి. బాధలో ఉన్నవారు ఇలాంటి సర్వేలకు ఎక్కువగా స్పందించి ఉండవచ్చు, లేదా భయపడి అసలు స్పందించకపోయి ఉండవచ్చు. అందుకని నూటికి సరిగ్గా ఇంతమంది అని పట్టుబట్టడం సరికాదు. కానీ 2016 విశ్లేషణలోనే ఇంకో అంకె ఉంది. డిప్రెషన్ ఉన్నట్టు తేలినవారిలో చికిత్స కోసం వెళ్లినవారు 15.7 శాతమే. అంటే ప్రతి ఆరుగురిలో ఐదుగురు ఎవరికీ చూపించుకోలేదు. వాళ్లంతా ఆసుపత్రి ఆవరణలో చదువుకుంటున్నవాళ్లే.

ఈ ఒత్తిడి మెడికల్ కాలేజీ గేటు దగ్గర మొదలయ్యేది కాదు. తెలుగు ఇళ్లలో చాలాచోట్ల ఎనిమిదో తరగతిలో పిల్లని ఫౌండేషన్ బ్యాచ్‌లో వేసిన రోజునే మొదలవుతుంది. ఇంటర్‌కి వచ్చేసరికి రెసిడెన్షియల్ కాలేజీ. తెల్లవారకముందే లేపడం, రాత్రి పది దాకా స్టడీ అవర్స్, వారం వారం టెస్టు, ఆ టెస్టు ర్యాంకులు గోడ మీద. మొదటిసారి సీటు రాకపోతే లాంగ్ టర్మ్. విశాఖ ద్వారకానగర్ బస్టాపులో పొద్దున్నే బ్యాగులు తగిలించుకుని నిలబడే పిల్లల్లో ఇలా రెండోసారి, మూడోసారి రాస్తున్నవాళ్లు ఎందరో ఉంటారు. నీట్‌లో 180 ప్రశ్నలు, 720 మార్కులు. తప్పు రాస్తే వచ్చే నాలుగు పోవడమే కాదు, చేతిలో ఉన్న ఒకటి కూడా పోతుంది. 2025లో పరీక్ష రాసినవారు 22 లక్షల పైచిలుకు. అప్పటికి దేశంలో ఎంబీబీఎస్ సీట్లు లక్షా 20 వేల చుట్టుపక్కల. ఒక్క మార్కు తేడాలో వేలమంది ఉంటారు.

ఈ దారిలో వచ్చిన పిల్లలకు చదవడం బాగా వస్తుంది. మిగతావి నేర్చుకునే వీలే దొరకదు. స్నేహితుడితో గొడవపడి మళ్లీ కలిసిపోవడం, ఓడిపోయి మర్నాడు మామూలుగా అన్నం తినడం, "నాకు రావడం లేదు, సాయం చెయ్యి" అని అడగడం, ఇవన్నీ పద్నాలుగు నుంచి పద్దెనిమిదేళ్ల మధ్య మనిషికి అలవడాల్సినవి. ఆ నాలుగేళ్లూ టెస్టులకు పోయాయి. ఆ లోటు హాస్టల్లో, వార్డులో, ఎక్కడ సాయం అడగాల్సి వస్తే అక్కడ బయటపడుతుంది.

1923లో మొదలైన ఆంధ్ర మెడికల్ కాలేజీలో ఇప్పుడు ఏటా 250 ఎంబీబీఎస్ సీట్లు. ఆ హాల్లో కూర్చున్న ప్రతి ఒక్కరూ తమ స్కూల్లో, తమ ఊళ్లో ఫస్ట్. మొదటి ఇంటర్నల్స్ అయ్యేసరికి అందులో ఎవరో ఒకరు 250వ వారు అవుతారు. ఇందులో ఎవరి తప్పూ లేదు, అది లెక్క. కానీ పదేళ్లుగా "మా అమ్మాయి ఫస్ట్" అన్న మాటే తన పేరైపోయిన పిల్లకి ఆ లెక్క అలా కనిపించదు. తానెవరో తనకే తెలియనట్టు అవుతుంది. ఏ మెడికల్ కాలేజీలోనైనా ఇదే వరస.

ఫస్టియర్‌లో డిసెక్షన్ హాల్ సంగతి కొంచెం దగ్గరగా చూడాలి. దేహం పాడవకుండా వాడే ఫార్మలిన్ ఘాటుకి కళ్లు మండి నీళ్లు కారతాయి. చేతులు సబ్బుతో నాలుగుసార్లు కడిగినా, మెస్‌లో అన్నం కలిపేటప్పుడు ఆ వాసన వేళ్లలోంచి వస్తూనే ఉన్నట్టుంటుంది. మొదటి వారం చాలామందికి ముద్ద దిగదు. చనిపోయిన మనిషిని ముట్టుకోవడం వాళ్లలో ఎక్కువమందికి అదే మొదటిసారి. దేహానికి నమస్కరించి ప్రమాణం చేయించే మంచి ఆనవాయితీ చాలా కాలేజీల్లోకి వచ్చింది. కానీ ఆ తర్వాత, "మీకెలా అనిపించింది?" అని కూర్చోబెట్టి అడిగే గంట టైమ్‌టేబుల్లో ఉండదు. పదకొండింటికి ఇంకో క్లాసు ఉంటుంది.

తర్వాత పార్ట్ కంప్లీషన్, అంటే శరీరంలో ఒక్కో భాగం పూర్తయ్యాక పెట్టే పరీక్ష, దాంతోపాటు వైవా, అంటే నోటితో జవాబు చెప్పే పరీక్ష. టేబుల్ మీద ఎముక. "ఏ సైడ్ది? ఎలా చెప్పగలవు?" జవాబు తెలుసు. పాలకొండ దగ్గరో పాడేరు దగ్గరో సర్కారు బడిలో పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివిన అబ్బాయికి ఆ జవాబు మనసులో తెలుగులో ఉంది. దాన్ని ఇంగ్లీషు వాక్యంగా పేర్చుకుంటుండగానే ఎదుటి నుంచి "నెక్స్ట్" వినిపిస్తుంది. ఆ ఒక్క మాటకి చెవులు వేడెక్కుతాయి. అరచేతులు చల్లబడతాయి. రెండోసారి వైవాకి ముందు రాత్రి నిద్ర పట్టదు, మూడోసారి ముందు వాంతి వస్తుంది. ఫిజియాలజీ క్లాసులో చదివింది ఇప్పుడు తన ఒంట్లోనే జరుగుతోంది. హైపోథలమస్ నుంచి పిట్యూటరీకి, అక్కడి నుంచి అడ్రినల్‌కి కబురు వెళ్తుంది, ఒత్తిడి హార్మోన్ కార్టిసాల్ పెరుగుతుంది. కాసేపు ఉండే ఈ మార్పు మనిషిని చురుగ్గా చేస్తుంది. పరీక్ష ముందు కొంత టెన్షన్ ఉండటం మంచిదే. అదే నెలల తరబడి తగ్గకపోతే నిద్ర చెడుతుంది. చదివింది మెదడులో కుదురుకోవడానికి నిద్ర చాలా అవసరం కాబట్టి జ్ఞాపకమూ చెడుతుంది. మార్కులు తగ్గుతాయి. తగ్గాయని ఇంకో రెండు గంటల నిద్ర మానేసి చదువుతారు. ఇక్కడి నుంచి బయటపడటం ఒంటరిగా చాలా కష్టం.

ఫెయిలైతే సప్లీ. సప్లీలోనూ పోతే తన బ్యాచ్ ముందుకు వెళ్లిపోతుంది, తాను జూనియర్లతో కూర్చోవాలి. ఫస్టియర్ పాసవడానికి మొత్తం నాలుగు అవకాశాలే అన్న నిబంధన తల మీద ఉంటుంది. థియరీకి 75 శాతం, ప్రాక్టికల్స్‌కి 80 శాతం హాజరు లేకపోతే పరీక్షకే కూర్చోనివ్వరు. అటు ఊళ్లో అప్పటికే "కాబోయే డాక్టర్‌కి శుభాకాంక్షలు" అని ఫ్లెక్సీ కట్టారు. కొన్ని ఇళ్లలో పొలం అమ్మి ఫీజు కట్టారు. రాత్రి ఫోన్ వస్తుంది.

"ఏటి నాన్నా, గొంతు అలాగుంది?"

"ఏం లేదమ్మా. జలుబు."

తల్లి నమ్ముతుంది. నమ్మకపోయినా ఇంకేం అడగాలో ఆమెకు తెలియదు. సప్లీ సంగతి ఇంట్లో చెప్పకుండా ఏడాది గడిపేసే పిల్లలున్నారు. ఆ ఏడాదిలో వాళ్లను తినేసేది అనాటమీ కాదు, ఆ దాచిపెట్టడం.

క్లినికల్ ఏళ్లు కొంత తేలిక. రోగులతో మాట్లాడటం మొదలవుతుంది, చదివిన దానికి అర్థం కనిపిస్తుంది. చదువు చివర ఆసుపత్రిలో పనిచేసే ఏడాదికి వచ్చి హౌస్ సర్జన్ అయ్యాక బరువు ఇంకో రూపంలో వస్తుంది. విశాఖ కేజీహెచ్‌కి ఉత్తరాంధ్ర జిల్లాల నుంచే కాదు, ఒడిశా నుంచి, ఛత్తీస్‌గఢ్ నుంచి కూడా రోగులు వస్తారు. ఇంత భారం మోసే ఏ పెద్ద ప్రభుత్వాసుపత్రిలోనైనా రాత్రి రెండింటికి క్యాజువాలిటీలో హౌస్ సర్జన్ చేసే పనులు చూస్తే, అందులో డాక్టర్ పని సగం కూడా ఉండదు. బ్లడ్ శాంపిల్ తీయాలి, ఫారం నింపాలి, వార్డు బాయ్ దొరకకపోతే తానే ల్యాబ్‌కి పట్టుకెళ్లాలి, ట్రాలీకి ఓ చెయ్యి వేయాలి. అటెండెంట్లు అరుస్తుంటే నిలబడి సమాధానం చెప్పాలి. పైన ఉన్న పీజీ అప్పటికే ముప్పై గంటలుగా నిద్ర లేకుండా ఉండి విసుక్కుంటాడు. ఆ మధ్యలో ఎక్కడో ఇరవై మూడేళ్ల అమ్మాయి తన జీవితంలో మొదటిసారి ఒక తండ్రికి "మీ అబ్బాయి లేడండీ" అని చెప్పాల్సి వస్తుంది. చెప్పి, పక్క బెడ్‌కి వెళ్లి బీపీ చూడాలి. ఏడవడానికి బాత్రూమ్ తప్ప చోటు లేదు.

నిద్ర లేకపోవడం ఓర్పుకి పరీక్షలా, మగతనంలా, వృత్తి ధర్మంలా చెలామణి అవుతోంది. "మేమూ ఇలాగే చేశాం" అని పెద్దలు చెప్పే మాటలో అబద్ధం లేదు, కానీ అది వాదన కాదు. 24 గంటలు మెలకువగా ఉన్న మనిషి చేతులు, చూపు, ఆలోచన ఎంత మందగిస్తాయంటే, రక్తంలో 0.10 శాతం ఆల్కహాల్ ఉన్నవారితో సమానమని 1997లోనే ప్రయోగంలో తేలింది. మన దేశంలో బండి నడపడానికి చట్టం అనుమతించే హద్దు 0.03 శాతం. ఆ స్థితిలో స్కూటర్ నడిపితే తప్పు, రోగి నరంలోకి సెలైన్ సూది పెడితే కాదా? 2004లో అమెరికాలో జరిగిన మరో అధ్యయనంలో, 24 గంటలు దాటే డ్యూటీలు చేసిన ఇంటర్న్‌లు, డ్యూటీ గంటలు తగ్గించిన ఇంటర్న్‌ల కంటే 36 శాతం ఎక్కువగా తీవ్రమైన పొరపాట్లు చేశారు. అక్కడ ఈ విషయం మీద కదలిక రావడానికి కారణం 1984లో న్యూయార్క్‌లోని ఒక ఆసుపత్రిలో, ఇలాంటి సుదీర్ఘ డ్యూటీల్లో ఉన్న శిక్షణ డాక్టర్లు చూస్తున్న 18 ఏళ్ల అమ్మాయి చనిపోవడం. ఆ తర్వాత ఆ రాష్ట్రంలోనూ, 2003లో దేశమంతటా రెసిడెంట్లకు, అంటే ఆ శిక్షణ డాక్టర్లకు, వారానికి 80 గంటల పరిమితి వచ్చింది. మన దగ్గర మామూలుగా ఏకధాటి డ్యూటీ 12 గంటలు మించకూడదని 1992 నాటి కేంద్ర రెసిడెన్సీ ఆదేశాల్లోనే ఉంది. 2024 టాస్క్‌ఫోర్స్ వారానికి 74 గంటలు మించొద్దని, వారానికి ఒక రోజు సెలవు ఉండాలని, రోజుకు 7 నుంచి 8 గంటల నిద్ర దొరకాలని చెప్పింది. మంచి సిఫార్సులే. డ్యూటీ చార్టు వేసే చోట అవి కనిపించాలి.

ఇక మొదటి ప్రశ్న. ఇంత బాధ ఉంటే వెళ్లి చూపించుకోవచ్చు కదా?

మెడికల్ కాలేజీలో సైకియాట్రీ విభాగం ఉంటుంది. అందులో మంచి డాక్టర్లూ ఉంటారు. కానీ వాళ్లు ఆ విద్యార్థికి పాఠం చెప్పేవాళ్లు, కేస్ ప్రెజెంటేషన్ వినేవాళ్లు, సంతకం పెట్టేవాళ్లు. వాళ్లు రోజూ టీ తాగేది మెడిసిన్, సర్జరీ ప్రొఫెసర్లతో, అంటే ఇంటర్నల్స్‌లో మార్కులు వేసేవారితో. సార్ ఎవరికీ చెప్పరని విద్యార్థికి బుద్ధికి తెలుసు. మనసు ఒప్పుకోదు. రేపు వైవాలో అదే సార్ ఎదుట కూర్చున్నప్పుడు, ఆయన కళ్లలో తాను విద్యార్థిగా కనిపిస్తాడా, రోగిగా కనిపిస్తాడా? పీజీల విషయంలో ఇది ఇంకా తీవ్రం. వాళ్ల థీసిస్ మీద సంతకం, డ్యూటీలు, సెలవు, పరీక్ష అన్నీ ఒకే విభాగాధిపతి (హెచ్‌ఓడీ) చేతిలో ఉంటాయి. ఆ చేతి వల్లే బాధ కలిగితే చెప్పుకోవడానికి ఇంకో తలుపే ఉండదు.

మెంటార్ పద్ధతి పెట్టారు. కొద్దిమంది విద్యార్థులకు ఒక అధ్యాపకుడు. ఆలోచన మంచిదే, మనసుపెట్టి చేసే మేడమ్‌లు, సార్‌లు ఉన్నారు, వాళ్ల వల్ల నిలబడ్డ పిల్లలూ ఉన్నారు. చాలాచోట్ల మాత్రం అది రిజిస్టర్‌గా మిగిలిపోయింది. "సమస్యలు ఏమైనా" అన్న గడిలో పై నుంచి కింద దాకా "లేవు", "లేవు", "లేవు". పక్కన సంతకాలు. ఆ రిజిస్టర్ తనిఖీకి వెళ్తుందని తెలిసిన పిల్ల అందులో "రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు" అని రాయదు.

ఇంకో చిక్కు, ఆసుపత్రి చిన్న ప్రపంచం. ఓపీ చీటీ రాసే క్లర్క్‌కి తెలుసు, స్టాఫ్ నర్స్‌కి తెలుసు, ఫార్మసీ కిటికీ దగ్గర మందులిచ్చే అతనికి తెలుసు. సైకియాట్రీ ఓపీ ముందు బెంచీ మీద తెల్లకోటు లేకుండా కూర్చుంటే, దారిన పోయే సీనియర్ "ఏరా, ఇక్కడున్నావేంటి?" అని పలకరిస్తాడు. అది ప్రేమగా అడిగిన ప్రశ్నే అయినా సరే. దాంతో కొందరు ఎవరికీ చెప్పకుండా సొంతంగా మందులు మొదలుపెడతారు. మందు పేరు తెలుసు, డోసు తెలుసు, తనకు వచ్చింది ఏమిటో మాత్రం బయటి మనిషి చూస్తేగాని తెలియదు. డిప్రెషన్ మందులు పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది. నాలుగు రోజులు వేసుకుని, గుణం లేదని మానేసి, "నాకు మందులు కూడా పనిచేయవు" అన్న నిర్ణయానికి వచ్చేస్తారు. ఆ నిర్ణయం చాలా ప్రమాదకరమైనది.

రికార్డులో ఎక్కితే రేపు పీజీ సీటుకో ఉద్యోగానికో అడ్డమవుతుందన్న భయం కూడా గట్టిగా ఉంది. దీని మీద స్పష్టంగా చెప్పాల్సిన విషయాలున్నాయి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 23వ సెక్షన్ కింద, చికిత్స వివరాలు గోప్యంగా ఉండే హక్కును ఇచ్చింది. ఇది సార్ మంచితనం మీద ఆధారపడిన విషయం కాదు, రోగి హక్కు. ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టు భావించి అండగా నిలవాలని, శిక్షించకూడదని అదే చట్టం 115వ సెక్షన్ చెబుతోంది. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఆ ప్రయత్నాన్ని నేరంగా చూసిన పాత సెక్షన్ లేదు. ఈ మూడు ముక్కలూ ఫస్టియర్ ఫౌండేషన్ కోర్సులో మొదటి రోజే తెలుగులో చెబితే చాలా భయం తీరుతుంది.

ఈ విషయంలో సుప్రీంకోర్టు ఇచ్చిన ముఖ్యమైన తీర్పు విశాఖపట్నం నుంచి వెళ్లిన కేసులోనే రావడం గమనించాలి. నీట్ కోచింగ్ కోసం ఈ నగరానికి వచ్చిన 17 ఏళ్ల విద్యార్థిని 2023 జూలైలో చనిపోయింది. ఆమె తండ్రి న్యాయం కోసం కోర్టుల చుట్టూ తిరిగారు. 2025 జూలై 25న సుప్రీంకోర్టు దర్యాప్తును సీబీఐకి అప్పగించడంతోపాటు, దేశంలోని విద్యాసంస్థలన్నిటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. చట్టం వచ్చేదాకా అవి పాటించి తీరాలి. వంద మందికి పైగా విద్యార్థులున్న ప్రతి సంస్థలో కనీసం ఒక అర్హత గల కౌన్సెలరో, సైకాలజిస్టో, సోషల్ వర్కరో ఉండాలి. మార్కుల్ని బట్టి బ్యాచ్‌లు విడదీయకూడదు, అందరి ముందూ అవమానించకూడదు. హెల్ప్‌లైన్ నంబర్లు హాస్టళ్లలో, క్లాసుల్లో కనిపించేలా పెట్టాలి. 250 మంది బ్యాచ్‌లున్న మెడికల్ కాలేజీకి ఇది ఎంత వర్తిస్తుందో వేరే చెప్పనక్కర్లేదు.

కౌన్సెలర్ ఉద్యోగం ఒకటి భర్తీ చేస్తే సరిపోదు. ఆ గది ఎక్కడ ఉంది, ఎప్పుడు తెరిచి ఉంటుంది, ఎవరికి జవాబుదారీ అన్నవి అంతకన్నా ముఖ్యం. ప్రిన్సిపాల్ ఆఫీసు పక్కన, పదింటి నుంచి నాలుగింటి వరకు తెరిచే గదికి పోస్టింగ్‌లో ఉన్న పిల్ల ఎలా వెళ్తుంది? సాయంత్రం ఐదు తర్వాత తెరవాలి. పేరు రాసే పుస్తకం కాలేజీకి చేరకూడదు. కూర్చునే మనిషి ఆ కాలేజీలో ఎవరికీ మార్కులు వేసేవారు కాకూడదు.

విశాఖకు ఈ విషయంలో ఒక సౌకర్యం ఉంది. ఒకే నగరంలో, శివార్లలో కలిపి ప్రభుత్వ, ప్రైవేటు మెడికల్ కాలేజీలు ఒకదానికొకటి అందుబాటు దూరంలోనే ఉన్నాయి. ఆంధ్ర మెడికల్ కాలేజీ, గీతం, గాయత్రీ విద్యా పరిషత్, భీమిలి వైపు ఎన్నారై. ఒక కాలేజీ విద్యార్థిని ఇంకో కాలేజీ సైకియాట్రిస్టు చూసే ఒప్పందం ఈ నాలుగింటి మధ్య కుదిరితే, చికిత్స చేసేవారు వేరు, పరీక్షించేవారు వేరు అవుతారు. కొత్త భవనం అక్కర్లేదు, పెద్ద ఖర్చూ లేదు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో సైకాలజీ విభాగం ఉంది. వారి సాయంతో సాయంత్రం కౌన్సెలింగ్ నడపవచ్చు. నగరంలోని ప్రిన్సిపాళ్లు ఒక మధ్యాహ్నం కూర్చుంటే తేలే పని ఇది.

హాజరు విషయం కూడా తేల్చాలి. డెంగీ వచ్చి పది రోజులు రాకపోతే మెడికల్ సర్టిఫికెట్ తీసుకుని మినహాయింపు అడుగుతారు, అందరూ అయ్యో అంటారు. డిప్రెషన్‌తో పది రోజులు మంచం దిగలేకపోతే సర్టిఫికెట్ మీద జబ్బు పేరు మార్చి రాయించుకోవాల్సిన పరిస్థితి. జబ్బు పేరు బయటపెట్టకుండా సెలవు ఇచ్చే పద్ధతి పెడితే పిల్లలు అబద్ధం ఆడాల్సిన అవసరం ఉండదు. యోగా, ధ్యానం, ఆటలు మంచివే, ఎవరికి నచ్చితే వారు చేయాలి. ముప్పై ఆరు గంటల డ్యూటీకి మాత్రం అవి జవాబు కావు.

కాలేజీ కదిలేలోపు విద్యార్థి చేతిలో ఉన్న దారి టెలీ మానస్. 2022 అక్టోబరు 10న మొదలైన ప్రభుత్వ సేవ. 14416 నంబరుకి రోజులో ఏ గంటకైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడవచ్చు. ముందు కౌన్సెలర్ మాట్లాడతారు, అవసరమైతే సైకియాట్రిస్టుకి కలుపుతారు. ఫోన్ ఎత్తే మనిషికి ఈ విద్యార్థి ఏ బ్యాచ్చో తెలియదు, రేపు వైవాలో ఎదురుపడరు. వైద్య విద్యార్థికి కావాల్సిన దూరం అందులో ఉంది. ఒక్కటి మాత్రం మరవకూడదు. చనిపోవాలన్న ఆలోచన గట్టిగా ఉన్న రాత్రి ఫోన్ ఒక్కటే చాలదు. పక్కన మనిషి ఉండాలి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ఆ పక్కన మనిషి ఎక్కువసార్లు బ్యాచ్‌మేటే అవుతాడు. అతనికి ముందుగా కనిపించేవి చాలా చిన్న విషయాలు. మెస్‌కి రావడం మానేయడం, ఆదివారం బీచ్‌కి వెళ్దామంటే మూడు వారాలుగా "మీరు వెళ్లండి" అనడం, రికార్డు బుక్ ఖాళీగా ఉండటం, ఇష్టంగా కొనుక్కున్న స్టెత్ ఎవరికో ఇచ్చేయడం. అప్పుడు "ధైర్యంగా ఉండు" అనే మాట వల్ల ఉపయోగం లేదు, అవతలి మనిషి అప్పటికే తనకు ధైర్యం లేదని సిగ్గుపడుతున్నాడు. "నిద్ర పడుతోందా? చచ్చిపోవాలనిపిస్తోందా?" అని సూటిగా అడగవచ్చు. అలా అడిగితే ఆ ఆలోచన పెరుగుతుందన్నది అపోహ. వార్డులో ముక్కూ మొహం తెలియని రోగిని అడగగలిగిన ప్రశ్నే అది. జవాబు అవునని వస్తే, ఆ రోజు క్లాసు పోయినా ఫర్వాలేదు, ఇద్దరూ కలిసి ఇంకో ఆసుపత్రికి ఆటో ఎక్కి, ఓపీ చీటీ లైన్లో ముందు తాను నిలబడి, లోపల మాట్లాడుతున్నంతసేపూ బయట బెంచీ మీద కూర్చోవడం. ఎంతసేపు పడితే అంతసేపు.